గోడవార ఒరెగానో

కొక్కినియా, పిరెయస్
9 సెప్టెంబరు 1979

గోడవార ఉన్న అమ్మ ఒరెగానోని పీకేసి, ఏదో గడ్డి ఎండబెట్టి, అదే ఇదని నాకు పంపావు. నేను గుర్తుపట్టలేననుకున్నావు. అందుకే ఈ ఉత్తరంలో క్షేమసమాచారాలు లేవు, కొస్మాస్ మావయ్యా.

సంచి రాగానే విప్పకుండా మిల్లుకి తీసుకుపోయాను. కదుళ్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లం ఎనిమిదిమందిమి మధ్యాహ్నం దూది బేళ్ల మీద కూర్చుని తింటాం. "మా అమ్మ చేత్తో నాటింది, మా ఇకారియా దీవిది. ఒక్కసారి వాసన చూశారంటే మీ మీ ఊళ్లు మర్చిపోతారు" అని కోతలు కోశాను. టమాటా ముక్కల మీద చల్లాను, జున్ను మీద చల్లాను. ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఫ్రోసో చిటికెడు తీసి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమే అర్గిరో, ఇది కోశాక చచ్చిందా, చచ్చాక కోశారా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి అమ్మ సీసా తీశాను. పోయినేడు జూలైలో అమ్మ కోసి, నీడన వేలాడదీసి, నలిపి, జల్లించి నింపింది. మూడు వేళ్ల మందం మిగిలింది. మూత తీస్తే గదంతా అమ్మ. నీ సంచిలో మొహం పెడితే ఉత్త దుమ్ము.

అమ్మ జనవరిలో పోయింది. బట్టలు చర్చికిచ్చేశాను. మంచం ఇంటివాళ్లది. అమ్మ చేత్తో పెట్టింది, ఏటేటా మళ్లీ మొలిచేది లోకం మొత్తం మీద ఆ మొక్క ఒక్కటే. ముప్పై ఏళ్లు ఓడల్లో తిరిగి తిరిగి వచ్చి అక్క ఇంట్లో పడుకుంటున్నావు. పడుకో, కాదన్లేదు. కానీ ఆ మొక్క జోలికెందుకు పోయావు? పీకలేదంటే అసలుది పంపు. ఇరవయ్యో తారీఖు లోపల నాకు జవాబు కావాలి.

అర్గిరో


పై ఊరు, ఇకారియా
15 సెప్టెంబరు 1979

బంగారు కోడలు పిల్లకి,

ముందు నీ నెత్తిన మావయ్య ముద్దు. ఇక్కడ గాలి తగ్గింది. ద్రాక్ష తొక్కడం అయిపోయింది, నా మోకాళ్లు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి. ఎవ్దిలోస్ రేవులో నా పాత ఓడ వాడొకడు కనిపించాడు, పళ్లన్నీ పోయినా అబద్ధాలు మాత్రం పోలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిదిమందికి పంచితే నీకేం మిగులుతుంది చెప్పు? అందుకే కోపమొచ్చిందని అర్థమైంది. ఇంకో సంచి, ఈసారి పెద్దది, మంగళవారం పడవకి వేస్తాను.

పీకానంటావేమిటే పిచ్చిదానా? దాన్ని నేను కన్నకూతుర్ని చూసినట్టు చూశాను. నువ్వు రాసినట్టే, అక్షరం తప్పకుండా. నేను వచ్చిన కొత్తలో ఎలా ఉండేదో గుర్తుందా? జానెడు, బూడిదరంగు, మేక నమిలి ఉమ్మేసినట్టు. ఇప్పుడొచ్చి చూడు, నా మోకాలు దాటింది. ఆకు నా బొటనవేలంత. పచ్చగా, మెత్తగా, పట్టులా ఉంటుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి తల ఊపుకుంటూ పోతారు. అసూయ!

వాసన మాట మాత్రం నన్నడక్కు. ఇంజను గది నూనె పొగకి నా ముక్కు ఇరవై ఏళ్ల కిందటే చచ్చింది. చేప కుళ్లినా నాకు ఎవరో ఒకరు చెప్పాలి.

చలికాలం కోటు బాగుచేయించుకో. మిల్లులో ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.

నీ మావయ్య, కొస్మాస్


కొక్కినియా
28 సెప్టెంబరు 1979

రెండో సంచీ గడ్డే. మొదటి దానికన్నా పచ్చటి గడ్డి. ఇంటివాళ్ల గాడిదకి పెట్టాను, అది కూడా సగం వదిలేసింది.

నువ్వు మాటలు తిప్పుతున్నావు మావయ్యా. మొన్న జాంబెతా పడవ దిగి నేరుగా నా గదికొచ్చింది. తల్లిని చూడ్డానికి మన ఊరెళ్లి తిరిగొచ్చింది కదా. కళ్లారా చూసిందట. నువ్వు మా గోడవార పలుగు పట్టుకుని తవ్వుతున్నావు. పక్కన ఆ పైఇంటి అసిమీనా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇటు తవ్వు, అటు తవ్వు" అని పురమాయిస్తోంది. వేళ్లన్నీ తడి గోతాంలో చుట్టి ఆమె చేలోకి మోసుకెళ్లావట. జాంబెతా అబద్ధం చెప్పదు, చెప్పడం దానికి చేతకాదు.

అంటే మొదటిసారి పీకలేదన్నది నిజమే. ఆ ఉత్తరం వేశాక పీకావు. మా అమ్మ మొక్కని ఒక పరాయి ఆడమనిషికి పళ్లెంలో పెట్టి ఇచ్చావు.

ఇన్నాళ్లూ అడగలేదు, ఇప్పుడడుగుతాను. అమ్మని మట్టిలో దించేరోజు శవపేటిక పక్కన నేనొక్కదాన్నే నిలబడ్డాను. గాలి వల్ల పడవ కదల్లేదన్నావు. నమ్మాను. ఒరెగానో బాగుందన్నావు. అదీ నమ్మాను. ఇంకెన్ని నమ్మాలి?

ఇంట్లో సగం నాది. ఆ గోడ ఉన్న సగం నాది. అక్టోబరు పదో తారీఖుకి నిజం రాసి పంపకపోతే ఊరి పెద్దకి కాగితం పెడతాను.

అర్గిరో


పై ఊరు
4 అక్టోబరు 1979

అర్గిరోకి,

జనవరిలో రెండు పగళ్లూ రెండు రాత్రులూ ఎవ్దిలోస్ రేవు గోడ కింద, నల్ల కోటు వేసుకుని, నీటి తుంపరలో కూర్చున్నాను. రేవు కాపలావాడు ఇంటికి పొమ్మని తిట్టాడు. మూడోనాడు పడవ వచ్చేసరికి మీ అమ్మని దించేశారని టెలిగ్రాం వచ్చింది. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. చెప్తే సాకులా ఉంటుందనిపించింది.

ఇక మొక్క సంగతి. సిగ్గుతో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చాక, వాసన లేదన్న మాట నా బుర్రలో పురుగులా తొలిచింది. నాకు ముక్కు లేదు కదా, ముక్కున్న మనిషి కావాలి. పైఇంట్లో ఒంటరిగా ఉండే అసిమీనా మేకలకి ఆకు వేస్తుంటే, "ఏమ్మా, ఒక్కసారి వచ్చి ఇది వాసన చూసి పెట్టు" అన్నాను. దిగొచ్చింది. చూసింది. వాసన దాకా పోనేలేదు. గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఏమయ్యా కొస్మాస్, పాలకూర ఎప్పట్నించి వేశావు?"

"ఒరెగానో అమ్మా అది."

"నీళ్లు పోశావా?"

"పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె. శనివారం మేకల ఎరువు."

"అయ్యో దేవుడా, ఇదేమైనా పెళ్లికూతురా రెండుపూటలా స్నానం చేయించడానికి? దీనికి రాయి కావాలి, ఎండ కావాలి, రెండు తిట్లు కావాలి. అంతే. మీ అక్క స్తమాతా జీవితంలో దీనికి చెంబెడు నీళ్లు పోసిందా?"

ఊళ్లో పిల్లలకి కూడా తెలుసట ఈ సంగతి. నాకు తెలీదు. పద్నాలుగేళ్లకి ఓడెక్కాను, సముద్రంలో ఒరెగానో ఎవరు పెంచుతారు? దారిన పోయేవాళ్లు తల ఊపింది అసూయతో కాదన్నమాట.

అసిమీనా చెయ్యి పెట్టి ఒక దుబ్బు లేపింది. వేళ్లు నల్లబడి, జిగటగా ఉన్నాయి. ఇంకో నెల పోతే మొత్తం కుళ్లిపోయేవంది. అందుకే తవ్వాం. బాగున్న వేళ్లు విడదీసి, సగం గోడవారే మళ్లీ పెట్టాం. మిగతా సగం పైన ఆమె రాళ్ల చేలో పెట్టాం. అక్కడ నీళ్లు పోద్దామన్నా దొరకవు. గోడవారవి పోయినా అవైనా మిగలాలని. మొదళ్ల దాకా కోసేశాం. ఇప్పుడు చూస్తే కాలిపోయిన పుల్లల్లా ఉన్నాయి. బతుకుతాయో లేదో నేను చెప్పలేను.

ఇంకొకటి. నువ్వు మార్చిలో రాసిన ఉత్తరం దీంతో పెట్టాను. వంటింటి తలుపుకి మేకు కొట్టి వేలాడదీశాను, అందుకే పైన చిల్లు. ఓడలో ఆర్డరు అలాగే పెడతారు. రెండో పేజీ చదువు.

నీ మావయ్య


కొక్కినియా
12 అక్టోబరు 1979

మావయ్యా,

రెండో పేజీ చదివాను. "పొద్దున, సాయంత్రం తప్పకుండా నీళ్లు పొయ్యి. వారానికోసారి ఎరువు వెయ్యి. ఒక్కరోజు మర్చిపోయినా నేను ఊరుకోను." నా చేతిరాత. నా కోపం కూడా, కింద రెండు గీతలు కొట్టి మరీ.

మూడురోజులు ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను.

నా బడి ఆరో తరగతిలో ఆగిపోయింది, తెలుసుగా. ఆ తర్వాతదంతా చేతికి దొరికిన పుస్తకం చదివి నేర్చుకున్నదే. అమ్మ పోయాక పాత పుస్తకాల బండి మీద చిన్న పుస్తకం ఒకటి కొన్నాను, ఇంటి మొక్కల పెంపకం గురించి. అట్ట మీద ఒక దొరసాని, నీళ్ల డబ్బా, బాల్కనీలో గులాబీ కుండీలు. అచ్చులో ఉంటే నిజమే అనుకున్నాను. అది గులాబీలకి నిజమే.

పన్నెండేళ్లు ప్రతి జూలైలో అమ్మతో వచ్చాను. దిగేవాళ్లం, కోసేవాళ్లం, మోపులు కట్టేవాళ్లం, వచ్చేసేవాళ్లం. మిగతా పదకొండు నెలలూ దానికి నీళ్లెవరు పోస్తున్నారని ఒక్కసారీ అడగలేదు. ఎవరూ పొయ్యట్లేదు. అదీ జవాబు.

కాబట్టి తప్పు నాది. నీదీ ఉంది కొంచెం. ఏ ఒక్కర్నీ అడక్కుండా ఆర్డరని పోసుకుంటూ పోయావు. కానీ ఎక్కువ నాది. రేవు గోడ సంగతి ముందే చెప్పాల్సింది, నిన్ను అన్ని మాటలు అనకపోదును. అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను.

అసిమీనాకి చెప్పు, "పరాయి ఆడమనిషి" అన్న మాట కూడా వెనక్కి తీసుకున్నానని. ఆమెకి ఆ మాట చెప్పలేదు కదా? చెప్పి ఉంటే నువ్వే సర్దుకో.

నెల నెలా రాయి. మొక్క ఎలా ఉందో అదే రాయి. తీపి పూయకు.

అర్గిరో


పై ఊరు
10 ఫిబ్రవరి 1980

కోడలు పిల్లకి,

పడవలు లేక పదిహేను రోజులుగా ఉత్తరం జేబులోనే ఉండిపోయింది, చివరికి చింపేసి మళ్లీ రాస్తున్నాను. మీ అమ్మ సంవత్సరీకానికి గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలు కలిపి, చర్చి ముందు పంచాం. పైన పరిచిన పంచదార మీద మీ అమ్మ పేరు అసిమీనా రాసింది. ఊరంతా వచ్చింది. మేము ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాం.

ఆమె కిటికీ రెక్కలు గాలికి ఊడితే బిగించాను.

చలి బాగా ఉంది.

నీ మావయ్య


కొక్కినియా
2 మార్చి 1980

మొక్క గురించి ఒక్క ముక్క రాయలేదు. నెల నెలా రాయమంటే నాలుగు నెలల్లో ఒక్కటి రాశావు, అందులోనూ కిటికీ రెక్కల గురించి. అబద్ధం చెప్పడం నీకు రాదు మావయ్యా, అందుకే మాటలు మింగేస్తావు.

చచ్చిందా?

చస్తే చచ్చిందని రాయి. అమ్మ సీసా మూతకి కొవ్వొత్తి మైనం పోసి మూసేశాను. ఇక తెరవను. అందులో ఉన్నదే ఆఖరుదైతే నాకు తెలియాలి. మార్చి ఇరవై ఐదు లోపల, ఒక్క మాట.

అర్గిరో


పై ఊరు
11 ఏప్రిల్ 1980

కోడలు పిల్లా, క్రీస్తు లేచాడు!

గడువు దాటిందని తెలుసు. ఇరవై ఐదున రాస్తే చచ్చిందనే రాయాల్సొచ్చేది. రోజూ పొద్దున పోయి చూసేవాణ్ని, పుల్లలు. సాయంత్రం చూసేవాణ్ని, అవే పుల్లలు. ఒకరోజు చెంబుతో నీళ్లు పట్టుకుని కూడా పోయాను, ఒప్పుకుంటున్నాను. అసిమీనా పైనుంచి చూసింది. "కొస్మాస్! ఆ చెంబు నీ నెత్తిన పోసుకో!" అని అరిచింది. పోసుకున్నాను. నవ్వింది.

ఈస్టరు పండగ వెళ్లిన మూడోనాడు పొద్దున్నే తలుపు దబదబా కొట్టింది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. నేను మాట్లాడేలోపే చెయ్యి పట్టుకుని పైచేలోకి లాక్కుపోయింది. రాళ్ల సందుల్లో ఎర్రటి చిగుళ్లు, గోరంత గోరంత. మేము మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క దుబ్బూ వెతికాం. పైన అన్నీ వచ్చాయి. తర్వాత కిందికి పరుగెత్తాం. గోడవార రెండు దుబ్బులు పోయాయి, మిగతా నాలుగూ కదిలాయి.

అసిమీనా ఒక ఆకు గిల్లి, నలిపి, కళ్లు మూసుకుంది. అలవాటుగా ఆ వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టింది. వెంటనే "అయ్యో, నీకు ముక్కు లేదు కదూ" అంది. మళ్లీ తనే వాసన చూసి, "స్తమాతాదే" అంది. నాకు ఆ మాట చాలు, నీకూ చాలనుకుంటాను.

పండగకి రంగేసిన ఎర్రగుడ్డు ఒకటి నీ పేరు మీద పక్కన పెట్టాం. పగిలిపోతే మేమే తినేస్తాం.

నీ మావయ్య


కొక్కినియా
8 జూలై 1980

మావయ్యా,

నిన్న మధ్యాహ్నం, మళ్లీ ఊరెళ్లొచ్చిన జాంబెతా మిల్లు గేటు దగ్గరికి మోపు తెచ్చింది. పాత వార్తాపత్రికలో చుట్టి, చేపలవాళ్ల ముడి వేసి ఉంది. ఆ ముడి నీదే. ఉత్తరం ఏదీ అంటే, లేదు, ఇదే ఇమ్మన్నాడంది.

లోపలికి తెచ్చాను. ఇంకా విప్పలేదు. మేస్త్రీ నూలు తూస్తున్నవాడు తల ఎత్తి చుట్టూ చూశాడు. ఆ వరస చివర కదురు దగ్గరున్న ఫ్రోసో, మిషన్ల హోరులో గొంతు చించుకుని, "ఏమే, కొండని మోసుకొచ్చావా?" అని అరిచింది.

దూది బేలు మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని మేస్త్రీ అడిగితే దుమ్ము పడిందన్నాను. ఆ వాసన పీలుస్తూ ఎవడు నమ్ముతాడా మాట! అతను కూడా ఒక రెమ్మ అడిగి జేబులో పెట్టుకుని పోయాడు. ఎనిమిదిమందిమీ టమాటా మీద చల్లుకుని తిన్నాం. ఈసారి కూడా ఎవరూ మాట్లాడలేదు, నోళ్లు ఖాళీగా లేవు.

ఇంటికొచ్చి సీసా మైనం గీరేశాను. అమ్మ కోసిన దాని మీద నువ్వు కోసింది పోసి, ఊపి, కలిపేశాను. ఏది ఎవరిదో ఇప్పుడు నాకూ తెలీదు. పది నెలల్లో మొదటిసారి నిన్న హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు అసలు సంగతి.

నువ్వు అన్యాయం చేస్తున్నావు మావయ్యా. నాకు కాదు, అసిమీనాకి. గోధుమలు ఆమె ఉడికిస్తుంది, కిటికీలు నువ్వు బిగిస్తావు. ఆమె ఒంటికాలి చెప్పుతో నీ తలుపు కొడుతుంది. నీ ఉత్తరాల్లో "నేను" అన్నవాడు ఫిబ్రవరిలోనే మాయమైపోయాడు, అన్నీ "మేము". ఊరంతా ఏమనుకుంటోందో జాంబెతా చెప్పింది. ఏమీ అనుకోవట్లేదట, ఎప్పుడా అని చూస్తున్నారట. నువ్వు మాత్రం ఆర్డరు రాలేదని రేవు గోడ కింద కూర్చున్నట్టు కూర్చున్నావు.

ఇదిగో ఆర్డరు. దీన్ని కూడా తలుపుకి మేకు కొట్టుకో. పైకెళ్లి ఆమెని అడుగు. ఒప్పుకుంటే పెళ్లిపెద్దగా నిలబడి మీ నెత్తిన కిరీటాలు నేను మారుస్తాను, ఆ పనికి ఇంకెవరికైనా మాటిచ్చావంటే చంపుతాను. ఇంట్లో నా సగం గురించి బెంగ వద్దు, నాకు ఆ గోడ చాలు. ఆ మొక్క దగ్గర ముక్కున్న మనిషి ఒకరుండాలి, నీకు లేదు, నేనిక్కడున్నాను. ఒకవేళ కాదంటే కాదందని రాయి, అప్పుడు ఊరుకుంటాను. నోరు తెరవకుండా మాత్రం ఊరుకోను.

ఈ నెల ఇరవై ఒకటి సోమవారం మిల్లులో సెలవుల చీటీ రాస్తారు. పెళ్లికా, ఉత్తినే రావడానికా, ఎన్ని రోజులు, నేను చెప్పాలి. పందొమ్మిది శనివారం పడవలో నీ జవాబు రావాలి. రాకపోతే నేనే దిగి, నీ గుమ్మం తొక్కకుండా నేరుగా పైఇంటికి పోయి నేనే అడిగేస్తాను.

అవునా, కాదా? శనివారం.

అర్గిరో